రిజర్వు బీరువాలో పెట్టిన పుస్తకం

నేను ఒక లావుపాటి పాఠ్యపుస్తకాన్ని. భూమి లోపల నీళ్ళు ఎక్కడ ఉంటాయో, ఎలా కదులుతాయో, ఎందుకు ఎండిపోతాయో చెప్పడం నా పని. చెప్పనిస్తే కదా! నా బతుకులో సగానికి పైగా తాళం వేసిన అద్దాల బీరువాలోనే గడిచింది. నేనేమీ నేరం చేయలేదు. అందరికీ అందుబాటులో ఉండాలన్న సదుద్దేశంతోనే నన్ను అందులో పెట్టారు. మీకు నవ్వొస్తోందేమో, నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పుట్టింది ఢిల్లీలో, ఒక ఇరుకు సందులోని అచ్చాఫీసులో. నన్ను రాసినాయన బావుల వెంట, వాగుల వెంట తిరిగి జీవితం ధారపోశాడని ముందుమాటలో ఉంది. ముందుమాట ఎవరూ చదవరు కాబట్టి ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అచ్చయిన కాగితాలు మడిచి, దారంతో కుట్టి, జిగురు పూసి, అట్ట వేసిన చేతులు నన్ను ఒక్క ముక్క కూడా చదవలేదు. వాళ్ళని నేనేమీ అనను. వాళ్ళ పని అది కాదు. చదవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళతోనే నా గొడవంతా.

కోఠిలోని ఒక దుకాణం మీదుగా వరంగల్ వైపున్న ఒక విశ్వవిద్యాలయానికి చేరాను. గ్రంథాలయంలో అడుగు పెట్టీ పెట్టగానే ఒంటినిండా ముద్రలు గుద్దారు. వీపు మీద అంకెలు అంటించారు. అట్ట లోపల ఒక చిన్న కాగితం సంచీ అతికించారు. ఇంత హంగామా చేశారు కదా, ఇక నన్ను చదవడానికి జనం బారులు తీరతారనుకున్నాను. వచ్చారు, కాదనను. కానీ వాళ్ళు చేసిన పని వినండి. ఒకడు నన్ను చదివి, మళ్ళీ తనకే దొరకాలని పాత టెలిఫోన్ డైరెక్టరీల వెనక దాచాడు. మరొకతె సంస్కృత వ్యాకరణాల అడుగు అరలో తోసింది. పరీక్షలు అయిపోగానే దాచినవాళ్ళకి దాచిన చోటు కూడా గుర్తుండేది కాదు. మిగిలిన పిల్లలు వరసల వెంట వెతికి వెతికి, తల ప్రాణం తోకకొచ్చి, పుస్తకం లేదని తేల్చేవారు. నేను అక్కడే, రెండు వరసల అవతల, దుమ్ములో గుడ్లప్పగించి చూస్తుండేదాన్ని.

అప్పట్లో ఆ పాఠం చెప్పేది అనుముల నరహరి సారు. భూగర్భశాస్త్ర విభాగంలో ఆయన పేరు చెబితే పిల్లలకి చెమటలు పట్టేవి. 'పుస్తకం దొరకట్లేదు సార్' అన్న మాట విని విని విసిగిపోయిన ఆయన, ఒకరోజు స్వయంగా గ్రంథాలయానికి వచ్చి, నన్ను వెతికించి పట్టుకుని రిజర్వులో పెట్టించారు. రిజర్వు అంటే మరేమీ లేదు. పంతులుగారు ఫలానా పుస్తకం నా కోర్సుకి కావాలని అడిగితే దాన్ని మామూలు అరల్లోంచి తీసి కౌంటరు వెనక బీరువాలో పెడతారు. కోర్సు పిల్లలు గుర్తింపు కార్డు ఇచ్చి, కాసేపు హాల్లో కూర్చుని చదివి, తిరిగి ఇచ్చేయాలి. ఇంటికి తీసుకెళ్ళకూడదు. తీసుకున్నవాళ్ళు మరొకరికి అందించకూడదు. పెట్టినవాళ్ళు తీయమంటే తప్ప పుస్తకం బీరువాలోంచి బయటి అరలోకి పోకూడదు.

మొదట్లో బాగానే ఉండేది, అబద్ధమెందుకు చెప్పాలి. పరీక్షల ముందు నాకోసం కౌంటరు దగ్గర తోపులాట జరిగేది. నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒకడు చదువుతుంటే ఇద్దరు రాసుకునేవారు, నాలుగోవాడు గడియారం చూసేవాడు. పరీక్ష రోజు పొద్దున్న దాకా నన్ను నలిపేసి, సాయంత్రానికి నా పేరు కూడా మరిచేవారు. మనుషులకి పరీక్షే దేవుడు, నేను పూజలో వాడి పారేసే పత్రి. అయినా సరే, చదివారు కదా అని సర్దుకుపోయాను.

తర్వాత నరహరి సారు రిటైరయ్యారు. శాలువా కప్పారు, ఫోటోలు తీశారు, ఆయన చాలాసేపు మాట్లాడారు. నన్ను రిజర్వులోంచి తీయమని మాత్రం చెప్పలేదు. ఆయనకి గుర్తులేదు, ఎవరూ గుర్తుచేయలేదు. ఆ పైన సిలబస్ మార్చారు. నా పాఠం పోయి, దాని బదులు ఉపగ్రహాల బొమ్మలు చూసి నీళ్ళు కనిపెట్టే పాఠం వచ్చింది. అంటే నేను లేని కోర్సు కోసం, లేని పంతులు కోసం, లేని పిల్లల కోసం రిజర్వయి ఉన్నాను. ఏటా లెక్క చూసేటప్పుడు బీరువా తెరిచి, నేను ఉన్నానని రాసుకుని, మళ్ళీ తాళం వేసేవారు. అంత జాగ్రత్తగా నన్ను ఎవరి నుంచి కాపాడుతున్నారో ఆ తాళం వేసేవాడికీ తెలియదు.

ఆ తాళం వేసేవాడు భద్రయ్య. అసిస్టెంట్ లైబ్రేరియన్. దుర్మార్గుడేమీ కాదు, నిబంధన అంటే ప్రాణం పెట్టే మనిషి. అద్దాలు రోజూ తుడిచేవాడు. నేను బాగా కనబడుతూ, ఎవరికీ అందకుండా ఉండడానికి ఆయన పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు.

అలాంటి రోజుల్లో ఆ పిల్ల వచ్చింది. బానోతు కల్పన. నర్సంపేట దగ్గర ఒక తండా ఆమెది. ఎమ్మెస్సీ చదువుతుండగా కామెర్లు వచ్చి ఒక ఏడాది మంచాన పడిందట. లేచి వచ్చేసరికి తోటి పిల్లలు వెళ్ళిపోయారు, సిలబస్ కూడా మారిపోయింది. అన్ని పేపర్లూ పాసైంది కానీ నా పేపరు మాత్రం మిగిలిపోయింది. పాత సిలబస్‌లో ఇంకా మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. ఈసారి రాయబోయేది ఆఖరి పరీక్ష. ఇందులో తప్పితే ఇక రాయనివ్వరు, డిగ్రీ రాదు, ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. ఇదంతా ఆమె కౌంటరు దగ్గర భద్రయ్యకి చెప్పుకుంటుంటే అద్దం వెనక నుంచి విన్నాను.

ఫోన్లో దొరకలేదా అంటారేమో. దొరికింది. నా తర్వాత వచ్చిన కొత్త ముద్రణ. అందులో లెక్కలన్నీ మార్చేశారు. పరీక్షలో వచ్చేవి నా లెక్కలే.

"సార్, గా బీరువల ఉన్నది గదే పుస్తకం. నాకు కనవడుతనే ఉన్నది" అంది కల్పన.

"కనవడితె ఇస్తరా అమ్మా? అది రిజర్వుల ఉన్నది."

"ఎవరికోసం సార్ రిజర్వు?"

"ఆ కోర్సు పిల్లలకోసం."

"ఆ కోర్సు పిల్లనే కద సార్ నేను."

భద్రయ్య కంప్యూటర్లో చూశాడు. "ఇండ్ల ఆ కోర్సే లేదు. కోర్సు లేనప్పుడు నువ్వు ఆ కోర్సు పిల్లవెట్లయితవు?"

"కోర్సే లేకపోతె మరి రిజర్వు ఎందుకున్నది సార్?"

"పెట్టిన సారు తీయలే గద."

చూశారా? నేను నెత్తీ నోరూ కొట్టుకోవడానికి నాకు చేతులు లేవు. హాల్ టికెట్ చూపిస్తే ఆమెను హాల్లో కూర్చోనిస్తారట. ఫ్యాన్ గాలి ఇస్తారట. మంచినీళ్ళు ఇస్తారట. పుస్తకం మాత్రం ఇవ్వరట.

ఆమె విభాగానికి వెళ్ళి ఇప్పటి హెడ్ మేడమ్‌ని అడిగింది. 'నేను పెట్టలేదు, నేనెట్ల తీయిస్తాను' అని ఆవిడ అందట. అది కూడా నిజమే. ఈ దేశంలో ఎవరిని అడిగినా నిజమే చెబుతారు, పని మాత్రం జరగదు. కల్పన అటు విభాగానికీ ఇటు గ్రంథాలయానికీ కాళ్ళరిగేలా తిరిగింది. వచ్చిన ప్రతిసారీ బీరువా ముందు ఒక్క నిమిషం ఆగి నన్ను చూసేది. నా లోపల ఆమెకి కావాల్సినదంతా ఉంది. ఇద్దరి మధ్యా ఒక అద్దం, అది కూడా భద్రయ్య పొద్దున్నే తుడిచిన అద్దం. ఆ రోజుల్లో పడ్డ బాధ టెలిఫోన్ డైరెక్టరీల వెనక దుమ్ములో ఉన్నప్పుడు కూడా పడలేదు.

చివరికి ఎవరినో అడిగి నరహరి సారు ఇల్లు పట్టుకుంది. ఆ మరునాడే ఆయన వచ్చారు. గుర్తుపట్టలేకపోయాను. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మోకాళ్ళు నొప్పేమో కౌంటరు పట్టుకుని నిలబడ్డారు. గొంతు మాత్రం అదే.

"ఏమయ్య భద్రయ్యా, నేను పెట్టిన పుస్తకం నేనే తీయమంటున్న. ఏడ సంతకం పెట్టాలె చెప్పు."

"సార్, మీరు పెట్టినప్పుడు సర్వీసుల ఉన్నరు. ఇప్పుడు లేరు. సర్వీసుల లేనోళ్ళ సంతకం నడవది సార్."

"అంటె పెట్టింది నేను, తీయాల్సింది నేను, కని నేను తీయొద్దు. గంతేనా?"

"నన్నేం జెయ్యమంటరు సార్? రూలు గట్ల ఉన్నది."

"ఆ రూలు రాసిన కమిటీల నేను గూడ ఉన్ననయ్యా!"

"మంచిగ రాసిండ్రు సార్" అన్నాడు భద్రయ్య, ఎంతో గౌరవంగా.

నరహరి సారు ముఖం ఎర్రబడింది. ఆయన్ని ఆ అవస్థలో చూస్తే నాకు జాలి వేయాలి, కానీ నిజం చెప్పొద్దూ, కొంచెం సంతోషమే వేసింది. తన చేత్తో వేసిన ముడి విప్పలేక గింజుకుంటున్న మనిషిని చూడటం, ఇన్నేళ్ళ నా జైలుకి కాస్త పరిహారం అనిపించింది.

హాలు వైపు ఒకసారి చూసి, ఆయన అడిగారు. "రిటైరైనోళ్ళు హాల్ల కూసోని చదువుకోవచ్చా?"

"మీరు రిటైరైన ప్రొఫెసరు సార్. హాల్ల కూసోని ఏ పుస్తకమైన చదువుకోవచ్చు."

"రిజర్వుల ఉన్నది గూడ?"

భద్రయ్య ఆలోచించాడు. ఎంత వెతికినా వద్దనడానికి కారణం దొరకలేదు. "గూడ" అన్నాడు.

"అయితె అది ఇయ్యి. నేను చదువుకుంట."

తాళం తిరిగింది. నన్ను బయటికి తీశారు. హాల్లో గాలి తగలగానే నా పేజీలన్నీ ఒక్కసారి రెపరెపలాడాయి. నరహరి సారు నన్ను కిటికీ పక్క బల్ల మీద పెట్టుకున్నారు. ఎదురుగా కల్పన కూర్చుంది. ఆయన నన్ను ఆమె వైపు తిప్పబోయారు. అంతలోనే వెనక నుంచి భద్రయ్య గొంతు.

"సార్, తీసుకున్నోళ్ళే చదవాలె. వేరేటోళ్ళకు అందియ్యొద్దు."

నరహరి సారు కళ్ళు మూసుకున్నారు. నేనైతే ఆ క్షణంలో పేజీలు ఊడి చచ్చిపోవాలనుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, నన్ను తన వైపే ఉంచుకుని, గొంతు సవరించుకున్నారు. "సరే. నేనే చదువుత. వినుడు తప్పేం కాదు గద?" అని మొదటి అధ్యాయం తెరిచారు.

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే ఆయన వచ్చేవారు, ఆమె బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చేది. ఆయన వేలు నాలుకకి అద్ది నా పేజీ తిప్పేవారు. (ఆ తడి అలవాటు గురించి నాకు చాలా ఫిర్యాదులున్నాయి, కానీ ఇప్పుడు వద్దు.) ఒక పేరా ఇంగ్లీషులో చదివి, దాన్ని తెలుగులో విప్పి చెప్పేవారు. నా కఠినమైన వాక్యాలు ఆయన నోట పడి మెత్తబడేవి. లెక్క వస్తే ఆమె తన కాగితం మీద వేసి చూపేది. తప్పయితే ఆయన పాత కోపంతో "మల్ల చెయ్" అనేవారు. ఆమె మళ్ళీ చేసేది. సర్వీసులో ఉండగా ఆయన నన్ను ఇంత నెమ్మదిగా ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు గంట కొట్టేవారు, పోర్షన్ అవ్వాలి, వెనక బెంచీ వాళ్ళని తిట్టాలి. ఇప్పుడు ఎదురుగా ఒక్కతే.

భద్రయ్యకి ఇది మింగుడు పడలేదు. చదువుకునే హాల్లో చప్పుడు చేయకూడదు కదా! మొదట దూరం నుంచి 'ష్' అన్నాడు. తర్వాత బల్ల మీద స్కేలుతో కొట్టాడు. ఒకరోజు నేరుగా వచ్చి పక్కన నిలబడ్డాడు. నరహరి సారు అప్పుడు ఒక బొమ్మ చూపిస్తున్నారు.

"ఈడ బోరేసి నీళ్ళు తోడుతున్నం అనుకో. చుట్టూ నేలల నీళ్ళు దాని దిక్కు వంగుతయి. గందుకే పక్కోని బాయి ఎండుతది. పక్కోని నీళ్ళు, మన నీళ్ళు అని భూమిల గీతలు లేవు బిడ్డా."

"మా బాయి గట్లనే ఎండింది సార్" అంది కల్పన.

చప్పుడు చేయొద్దని చెప్పడానికి వచ్చిన భద్రయ్య నోరు తెరిచి, "మాది గూడ" అన్నాడు. తర్వాత తనే తడబడి, "మా తమ్ముడు బోరేసినంక. కావాల్నని చేసిండు అనుకున్న. మాట్లాడుడు బందువెట్టిన" అన్నాడు.

"ఎంత లోతు వేసిండు?" అని అడిగారు నరహరి సారు.

భద్రయ్య చెప్పాడు. ఆయన నా బొమ్మ మీద వేలు పెట్టి చూపించారు. భద్రయ్య చాలాసేపు దాన్నే చూసి కౌంటరుకి వెళ్ళిపోయాడు. స్కేలు చప్పుడు ఆ రోజు మళ్ళీ వినిపించలేదు.

కానీ ఊరుకునేవాళ్ళు అందరూ ఉండరు కదా. ఆ హాలు నిండా గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు. ఉద్యోగం వచ్చేదాకా ఆ కుర్చీలు వదలరు, వచ్చాక వాటి వైపు తిరిగి చూడరు. వాళ్ళలో రాజేందర్ అనే అబ్బాయి ఉన్నాడు. కల్పన పరీక్షకి ముందు రోజు, ఒక పెద్ద లెక్క సగంలో ఉండగా, అతను విసురుగా లేచాడు.

"భద్రయ్య సార్! ఇది రీడింగ్ హాలా, క్లాస్ రూమా? మేము చదువుకోవాల్నా, వద్దా?"

హాలంతా తల ఎత్తి చూసింది. నరహరి సారు గొంతు ఆగిపోయింది. ఆ అబ్బాయి చెప్పింది న్యాయమే, నిబంధన కూడా అతని పక్కనే ఉంది. నిబంధన ఉన్న చోట భద్రయ్య ఎటు నిలబడతాడో నాకు బాగా తెలుసు. అయిపోయింది అనుకున్నాను. ఇంకో గంట ఉంటే లెక్క పూర్తయ్యేది, ఆ లెక్క పరీక్షలో వచ్చేది, ఆ పిల్ల గట్టెక్కేది. నాకు ఏడుపొచ్చింది.

భద్రయ్య కౌంటరు వెనక నుంచి లేచి హాలు మధ్యకి వచ్చాడు. నరహరి సారు వైపు చూడలేదు. రాజేందర్ వైపు తిరిగి, "క్లాసే నడుస్తున్నది. ఆ పిల్లకు ఇదే ఆఖరి పరీక్ష. జరసేపు సప్పుడు చెయ్యకుండ కూసోండ్రి" అన్నాడు.

రాజేందర్ ఏదో అనబోయాడు. భద్రయ్య వేలు పెదవుల మీద పెట్టుకుని, మొదట్లో మా బల్ల వైపు విసిరిన ఆ 'ష్' శబ్దాన్ని హాలు మొత్తానికి చేశాడు. తర్వాత వెళ్ళి కౌంటరులో కూర్చున్నాడు. హాలు చప్పుడు లేకుండా అయింది. నరహరి సారు ఆగిన చోట నుంచి మొదలుపెట్టారు.

లెక్క అయింది. ఆఖరి అధ్యాయం ఒక్కటి మిగిలింది. దాన్ని ఆయన తీయలేదు. "అండ్ల నుంచి ప్రశ్న రాదు. ఎన్నడూ రాలే. వదిలెయ్" అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. ఆయన ఆ అధ్యాయాన్ని ఏ ఏడూ చెప్పలేదు. పరీక్షలో రాని పేజీలు మనుషుల దృష్టిలో తెల్ల కాగితాలతో సమానం. నన్ను రాసినాయన వాటికోసం ఎంత తిరిగి ఉంటాడో పాపం!

కల్పన పరీక్ష రాసింది. నేను మళ్ళీ బీరువాలోకి వెళ్ళాను. ఫలితాలు వచ్చేదాకా గడిచిన రోజులు చెప్పనక్కర్లేదు. తలుపు చప్పుడైతే చాలు చూసేదాన్ని. భద్రయ్య కూడా చూసేవాడు, కానీ చూడనట్టు నటించేవాడు. నరహరి సారు మాత్రం రోజూ వచ్చి అదే కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకునేవారు. ఇంట్లో పేపరు రాదా అని ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. నడకలోనే తెలిసిపోయింది.

"పాసైన సార్!" అంది, హాలు అని కూడా చూడకుండా గట్టిగా. ఎవరూ 'ష్' అనలేదు. రాజేందర్ తల ఎత్తి నవ్వి, మళ్ళీ తన పుస్తకంలోకి వంగాడు. నరహరి సారు పేపరు మడిచి, "మంచిది బిడ్డా, మంచిది" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. నా సంతోషం సంగతి అడక్కండి. ఇన్నేళ్ళలో నన్ను చదివి ఎంతమంది పాసయ్యారో లెక్కే లేదు, కానీ ఒక్కరి కోసం కూడా నేను ఇలా ఊపిరి బిగపట్టలేదు.

సరే, ఇక అయిపోయింది. పరీక్ష తీరాక నా దగ్గరికి వచ్చిన మనిషిని నేను ఎరగను. ఆమె డిగ్రీ కాగితాలు తీసుకుని వెళ్ళిపోతుంది, పాత సిలబస్‌లో ఇక ఎవరూ లేరు కాబట్టి నన్ను బరువు చూసి అమ్మేస్తారు. మనసు దిటవు చేసుకుంటున్నాను.

కానీ ఆమె వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "సార్, ఆఖరి అధ్యాయం మిగిలింది."

నరహరి సారు అయోమయంగా చూశారు. "పరీక్ష అయిపోయింది గద బిడ్డా. పాసైనవ్. ఇంకెందుకు?"

"బాయి ఎందుకు ఎండుతదో చెప్పిండ్రు సార్. ఎండిన బాయిల నీళ్ళు మల్ల ఎట్లొస్తయో ఆఖరి అధ్యాయంల ఉన్నదంట గద. మీరు తిప్పుతుంటె పేరు చూసిన."

ఆయన మడిచిన పేపరు పక్కకి పెట్టారు. "అది నేను ఎన్నడు చెప్పలే. నిజం చెప్పాల్నంటె, సరిగ చదువలే గూడ" అన్నారు.

"అయితె ఇద్దరం చదువుదాం సార్."

కౌంటరు దగ్గర తాళం తిరిగింది. భద్రయ్య నన్ను తీసుకొచ్చాడు. ఈసారి ఎవరి కార్డూ అడగలేదు, ఎవరి పేరూ రాసుకోలేదు. నన్ను నరహరి సారు ముందూ పెట్టలేదు, కల్పన ముందూ పెట్టలేదు. ఇద్దరికీ మధ్యన పెట్టి, తను కూడా ఒక కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

కల్పన చెయ్యి చాపి పేజీ తిప్పింది.